పాపానికి పదహారు మార్కులు

నేను గైడ్లు రాస్తాను. దారి చూపేవాణ్ణి గైడు అంటారు కదా, నేను చూపేది దొడ్డిదారి. పద్యం ఇంటికి వీధి గుమ్మంలోంచి వెళ్లి, కాసేపు కూర్చుని, లోపలివాళ్లతో నాలుగు మాటలు మాట్లాడే తీరిక పరీక్ష రాసేవాళ్లకు ఉండదు. అందుకని నేనే పెరటిగోడ దూకి, ఇతివృత్తాన్ని ఎత్తుకొచ్చి వాళ్ల చేతిలో పెడతాను. ఇరవై రెండేళ్లుగా ఇతివృత్తమే నా వృత్తి. దీన్ని రాత అనేవాళ్లున్నారు. మొదటి అక్షరం గుణింతం కొద్దిగా మార్చి రోత అనుకోవడం నాకు ఈమధ్యే అలవాటయింది. ఎందుకయిందో చెబుతాను.

మా ప్రచురణకర్తను అందరూ డబ్బా అంటారు. తన పుస్తకాల గురించి డబ్బా కొట్టుకుంటాడని కొందరనుకుంటారు గానీ అసలు కారణం వేరు. ప్రతి పద్యం కింద ఒక డబ్బా గీయాలి, అందులో ఇతివృత్తం నాలుగు ముక్కల్లో ఇరకాలి. ఐదో ముక్క రాస్తే కొట్టేస్తాడు. "ఇది పుస్తకం కాదయ్యా, టిఫిన్ క్యారేజీ" అంటాడు. ఆయన ప్రెస్సు వెనకగదిలో ఉడికించిన జిగురు కంపు, తడిసిన కాగితం ముక్కిన వాసన. ఆ గదిలో కూర్చునే నేను దూరవిద్యా డిగ్రీ నాలుగో పేపరుకు గైడు రాశాను. పేపరు పేరు: 'కవితా ఇతివృత్తాలు – తొలి అమెరికన్ సాహిత్యం'. పాఠ్యపుస్తకంలో ముప్పై ఒక్క పద్యాలు, అన్నీ తెలుగు చేసినవే. నాకిచ్చిన గడువు ఆరు రోజులు. అట్ట మీద నా పేరు లేదు. 'అనుభవజ్ఞులైన ఆచార్యుల బృందం' అని ఉంది. బృందం అంటే నేనూ, నా టీ గ్లాసూ, అందులో పడి చచ్చిన ఈగా.

ఆరు రోజుల్లో ముప్పై ఒక్క పద్యాలు ఎవడు చదువుతాడు? మొదటి పాదం చూడటం, చివరి పాదం చూడటం, డబ్బా నింపటం. ఓడ అని కనిపిస్తే 'వలస'. అడవి అని కనిపిస్తే 'ప్రకృతి'. ప్రభూ అని కనిపిస్తే 'భక్తి'. పంతొమ్మిదో పద్యం ఎవరో పేరు తెలియని ఆడమనిషిది. చివరి పాదం చివరి మాట 'పాపం'. ఇంకేం! వెళ్లి స్థిరపడ్డ తొలితరం వాళ్లకు పాపభీతి ఎక్కువని ఎక్కడో చదివి ఉన్నాను. 'ఇతివృత్తం: పాపం, పాపఫలం, పశ్చాత్తాపం, పరిహారం' అని వరసగా నాలుగు పకారాలు పడేసి పందొమ్మిదిని పంపించేశాను. డబ్బా ఎంత సంతోషించాడో! "పప్పప్పప్పా అని భలే కుదిరాయయ్యా" అన్నాడు.

ఇది జరిగిన మూడేళ్లకు మా వదిన నాకు ఫోన్ చేసి, "ఒకసారి ఇంటికి రా, నీతో పనుంది" అంది.

మా వదిన పసిపిల్లల వార్డులో సహాయకురాలు. పంతొమ్మిదేళ్లుగా అదే వార్డు. పాలసీసాలు కాచడం, ఉయ్యాలలు తుడవడం, దుప్పట్లు మార్చడం, ఏడ్చే తల్లుల పక్కన నిలబడటం ఆమె పని. ఆ వార్డుకు ఇన్‌ఛార్జి పోస్టు ఖాళీ అవుతోంది. దానికి డిగ్రీ ఉండాలి. వదిన నలభై దాటాక దూరవిద్యలో చేరి, వంటింటి బల్ల మీద చదివి, అన్ని పేపర్లూ గట్టెక్కింది, ఒక్క నాలుగో పేపరు తప్ప. ముప్పై ఐదు రావాలి. ముప్పై ఒకటి వచ్చాయి. మూడు నెలల్లో డిగ్రీ కాగితం చూపించకపోతే పోస్టు ఇంకొకరికి పోతుంది.

ఆ పోస్టు మీద ఆమెకు అంత పట్టుదల ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు. ఏ బిడ్డయినా దక్కకపోతే, తల్లి తెచ్చుకున్న చిన్నచిన్న బట్టలు వార్డు గుడ్డలతో పాటు ఉతుకుడు మూటలోకి పోతాయి. ఫారంలో 'వస్తువులు: లేవు' అని రాసేస్తారు. వదిన వాటిని మూటలోంచి తీసి, మడతపెట్టి, తల్లి చేతికి ఇస్తుంది. అలా ఇచ్చినందుకు రెండుసార్లు సంజాయిషీ రాసింది. "ఇన్‌ఛార్జినయితే ఆ ఫారం రాయాల్సింది నేనే కదా, అప్పుడు సంజాయిషీ నాకు నేనే ఇచ్చుకుంటా" అనేది.

నేను వెళ్లేసరికి అన్నయ్య టీవీ ముందు నిద్రపోతున్నాడు. వదిన వంటింటి బల్ల మీద జవాబు పత్రం నకలు పరిచింది.

"చూడవయ్యా పండితుడా. పదహారు మార్కుల ప్రశ్న. సున్నా వేశాడు. సున్నా కూడా సరిగ్గా గుండ్రంగా వేయలేదు, విసుగ్గా గీకాడు."

"గైడు కొనుక్కోలేదా వదినా?"

"గైడ్లు నువ్వెలా రాస్తావో తెలుసుగా. అందుకే కొనలేదు."

"మరి దేన్ని చదివావు?"

"పద్యాన్ని."

"అదే నువ్వు చేసిన తప్పు" అని నవ్వాను. ఆమె నవ్వలేదు. నకలు మీద వేలు పెట్టింది. పంతొమ్మిదో పద్యం. వదిన దస్తూరి ముత్యాలేం కాదు, ఉయ్యాల చీటీల మీద రాసి రాసి ముద్దగా, గట్టిగా ఉంటుంది.

'ఈ పద్యంలో ఇతివృత్తం పాపం. తప్పు చేసిన పాపం కాదు, అయ్యో పాపం అనేటప్పటి పాపం' అని మొదలుపెట్టింది. పక్కన ఎర్ర సిరా: 'అర్థం తప్పు'.

"పద్యం ఏదీ?" అన్నాను. నేను గైడు రాసిన పద్యాన్ని నేనే అడుగుతున్నానని ఆమెకు తెలియదు. పాఠ్యపుస్తకం తెచ్చి ఇచ్చింది. అప్పుడు, మూడేళ్ల తర్వాత, వీధి గుమ్మంలోంచి మొదటిసారి లోపలికి వెళ్లాను.

కొత్త దేశం, మూడో చలికాలం. బిడ్డ పోయింది. తల్లి చిన్న గౌను పట్టుకుని కూర్చుంది. బిడ్డ పెరిగితే వదులు చేయొచ్చని అంచు లోపలికి మడిచి కుట్టింది. ఇప్పుడు ఆ కుట్టు విప్పుతోంది. విప్పితే గౌను రెండు వేళ్లంత పొడుగయింది. చుట్టుపక్కలవాళ్లు వచ్చి ఇది నీ ఏ తప్పుకు శిక్షో అంటున్నారు. ఆమె జవాబు చెప్పదు. తలుపు సందులోంచి వచ్చే చలిని చూస్తూ ఉంటుంది. చివరి పాదం ఇలా ఉంది:

'చలికి ఏం తెలుసు, పాపం.'

మధ్యలో కామా ఉంది. నేను గైడులో ఆ పాదాన్ని ఎత్తి రాసినప్పుడు కామా ఎగరగొట్టాను. 'చలికి ఏం తెలుసు పాపం' అని రాసి, అంటే చలికి పాపపుణ్యాలు తెలియవని వివరణ ఇచ్చాను. ఒక్క కామా తీసి పద్యాన్ని కోమాలోకి పంపించాను. నోట్లో ఏదో పుల్లగా ఊరింది.

"అంత బాధలో ఉండి చలి మీద జాలిపడుతోందయ్యా ఆవిడ" అంది వదిన. "ఊరంతా నీ పాపం, నీ పాపం అంటుంటే ఆ మాటనే పుచ్చుకుని అటు తిప్పేసింది. మా వార్డులో కూడా ఒకావిడ ఇలాగే అంది. బిడ్డ పోయిన పొద్దున నన్ను చూసి, నువ్వు రాత్రంతా నిలబడే ఉన్నావు పాపం, కూర్చో అంది. నేను అదీ రాశాను. దానికీ గీత కొట్టాడు."

"వదినా..."

"ఏంటి?"

"ఈ పేపరుకు గైడు రాసింది నేనే."

వదిన నకలు మడిచింది. "పద్యం చదవకుండానే?"

"చివరి పాదం చదివాను."

"చివరి మాట చదివావు" అంది. "ఛీ. బిడ్డ ముఖం చూడకుండా చీటీ రాసినట్టుంది. సరే, తిట్టుకోవడం తర్వాత. రేపు నాతో వచ్చి పరీక్షల ఆఫీసులో ఈ మాట చెబుతావా?"

చెబితే ఆచార్యుల బృందం మొత్తం ఒకే ఒక్క సన్నాసి అని బయటపడుతుంది. ఇరవై రెండేళ్ల బతుకుతెరువు. అయినా తల ఊపాను. ధైర్యం వచ్చి కాదు. ఆ పుల్లటిది ఇంకా నోట్లోనే ఉంది.

ప్రధాన పరీక్షకుడి గదిలో జవాబు పత్రాల కట్టలు నేల నుంచి కిటికీ దాకా ఉన్నాయి. కింది కట్టలకు చెద పట్టింది. టీ గ్లాసులో చీమలు తేలుతున్నాయి. ఆయన్ను ఆఫీసంతా తాళంచెవి అంటుంది. ప్రశ్నలకు 'కీ' తయారుచేసేది ఆయనే కాబట్టి అనుకున్నాను. గదిలో అడుగుపెట్టాక తెలిసింది. బీరువా తాళంచెవిని చెవిలో పెట్టుకుని, కళ్లు సగం మూసి, తిప్పుతున్నాడు. కాసేపు తిప్పి, బయటకు తీసి, చూసి, తువ్వాలుకు తుడిచి, మళ్లీ పెట్టాడు. ఎంత తిప్పినా ఆ చెవి తెరుచుకోలేదని తర్వాత అర్థమయింది.

వదిన నకలు ముందు పెట్టింది. ఆయన ఓ కంటితో చూశాడు.

"మా కీలో 'పాపం' అని ఉంది. మీరూ 'పాపం' అనే రాశారు. అక్కడే ఆపేసి ఉంటే మార్కులు పడేవి కదమ్మా! కింద వివరించి చెడగొట్టుకున్నారు."

"వివరించమని ప్రశ్నలోనే ఉందండీ."

"ఉంటుందమ్మా. అలాగని వివరిస్తారా? తొలి అమెరికన్ సాహిత్యం అంటేనే పాపం. ఇందులో జాలెక్కడిది?"

"కామా ఉందండీ" అంది వదిన. "కామా చూడండి."

"కామాలకు మార్కులుండవు."

"కీ దేన్ని బట్టి తయారుచేశారో చెబుతారా?" అని నేను అడిగాను.

ఆయన సొరుగు లాగి, ఖాకీ కాగితం అట్ట వేసిన పుస్తకం తీశాడు. ప్రామాణిక గ్రంథం అన్నాడు. అట్ట విప్పకుండానే గుర్తుపట్టాను. నా గైడే. పందొమ్మిదో పద్యం దగ్గర నాలుగు పకారాల కింద ఎర్రగీతలు. నేను చదవకుండా రాశాను. ఆయన దాన్ని చదివి కీ చేశాడు. ఆ కీ పట్టుకుని ఇంకొకాయన, చదివినావిడకు సున్నా వేశాడు. ఎక్కడో మొదట్లో చచ్చిన ఎలుక ఉంటే నీళ్లు అన్ని కుళాయిల్లోనూ కంపు కొడతాయి. ఆ ఎలుక నేనేనని ఎదురుగా కూర్చుని తెలుసుకోవడం అంత బాగుండదు.

"అయ్యా, ఈ ఆచార్యుల బృందం నేనే" అన్నాను. "ఒక్కణ్ణే. పందొమ్మిదో పద్యం చదవలేదు. అది తప్పు. ఆవిడ రాసిందే సరైనది."

ఈసడిస్తాడనుకున్నాను. గదిలోంచి గెంటేస్తాడనుకున్నాను. ఆయన లేచి నిలబడ్డాడు. ముఖం వెలిగిపోయింది.

"మీరేనా! ఎంత అదృష్టం! మీ డబ్బాలు లేకపోతే మా కీలు ఎక్కడివండీ! మీ పుస్తకం మాకు కీలకం!" అంటూ, చెవిలోంచి తీసిన తాళంచెవితో సహా నా చేయి పట్టుకుని ఊపాడు. ఏదో మెత్తగా, వెచ్చగా అరచేతికి అంటింది. ఏమిటో ఆలోచించదలుచుకోలేదు. వదిన ఆ చేతివైపే చూస్తోంది.

"అయితే ఆవిడ మార్కులు?" అన్నాను, చేయి ప్యాంటుకు రాస్తూ.

"అచ్చులో ఉంటేనే కీలో పెడతాను. మీరు కొత్త కూర్పులో మార్చండి. రెండు నెలల్లో సప్లిమెంటరీ ఉంది, ఈ పద్యం మళ్లీ ఇస్తాను. ఆవిడ మళ్లీ రాస్తారు. పాస్!"

"ఇప్పుడు రాసిందే అప్పుడూ రాస్తాను కదండీ" అంది వదిన. "ఇప్పుడు తప్పయింది అప్పుడెలా ఒప్పవుతుంది?"

"అప్పటికి అచ్చవుతుంది కదమ్మా."

"పద్యం అచ్చులోనే ఉంది. మీ పాఠ్యపుస్తకంలోనే."

తాళంచెవి ఆమెను జాలిగా చూశాడు. ఆ రోజు ఆ గదిలో కనిపించిన జాలి అదొక్కటే. "పద్యంలో జవాబు ఉండదమ్మా. జవాబు గైడులో ఉంటుంది" అన్నాడు.

మెట్లు దిగుతూ వదిన ఒక్క మాటే అంది: "చేయి కడుక్కో."

అక్కణ్ణించి నేరుగా ప్రెస్సుకు వెళ్లాను. డబ్బా అప్పుడే వచ్చిన అట్టల్ని వాసన చూస్తున్నాడు. పాపాన్ని తీసేయాలన్నాను.

"ఎందుకయ్యా? పాపం బాగా నడుస్తోందిగా!"

"అది పాపం కాదు. అయ్యో పాపం."

"అయ్యో పాపం అంటే డబ్బాలో ఏం బాగుంటుంది? బరువుండదు. పాపం అంటే పాపంలా ఉండాలి."

"పాపం తీయకపోతే ఇక నేను రాయను."

"పాపం, రాయకపోతే ఏం చేస్తావు?" అన్నాడు. అని, తన మాట తనే విని, పొట్ట పట్టుకుని నవ్వాడు. మూడేళ్లలో ఆ పద్యాన్ని సరిగ్గా అర్థం చేసుకునే దగ్గరికి ఆయన వచ్చింది అప్పుడొక్కసారే. నవ్వు తగ్గాక, "సరే మార్చు. నాలుగు ముక్కలే. పిల్లల నోటికి ఎక్కాలి" అన్నాడు.

ఇక్కడ నేను చేసింది చెప్పాలంటే నాకే వెగటు. వదిన జవాబు నకలు నా సంచిలో ఉంది. అది బయటకు తీసి ఎదురుగా పెట్టుకున్నాను. వార్డులో ఆవిడ 'కూర్చో' అన్న మాట కొట్టేశాను, చోటు చాలదు. గౌను అంచు కొట్టేశాను. మిగిలినదాన్ని నాలుగు ముక్కలు చేశాను: 'చలి, తల్లి, జాలి, ఖాళీ'. ప్రాస కుదిరింది. అక్షరాలు కూర్చే మనిషి కామా పెట్టాలా అని అడిగాడు. పెట్టమన్నాను. ఆ ఒక్కటీ చేశాను.

నాలుగో వారం వదిన మా ఇంటికొచ్చింది. కూర్చోలేదు. కొత్త కూర్పు నా ఒళ్లో పడేసింది.

"మా తోటి సహాయకురాలు కొనుక్కుని తెచ్చి, అక్కా ఇది చదువు, బాగా రాశారు అని చూపించింది. బాగానే రాశారు. చలి తల్లి జాలి ఖాళీ! గంట కొట్టుకుంటూ అమ్ముకునేవాడి కేకలా ఉంది."

"నీ జవాబే వదినా. నీకోసమే..."

"నాకోసమైతే నన్ను అడగాల్సింది. వార్డులో ఆవిడ ఏదీ?"

"చోటు చాల్లేదు."

"ఆవిడకు ఎక్కడా చోటు చాలదు" అంది. "నువ్వు మొదట చదవకుండా రాశావు. అది బద్ధకం. ఇప్పుడు చదివి, అర్థం చేసుకుని, ఇలా రాశావు. దీన్నేమంటారయ్యా?"

నాకు మాటలతో ఆడుకోవడమే వచ్చు. పుస్తకాన్ని ఒళ్లోంచి తీసి పక్కన బోర్లించాను.

"ఇప్పుడు పరీక్షలో నేను నా మాట రాస్తే నీ గైడు కాపీ కొట్టాననుకుంటారు" అంది గుమ్మం దగ్గర ఆగి.

"కాపీ అనుకుంటేనే మార్కులు వదినా."

"తూ" అంది. నా మీద కాదు, పరీక్ష మీద అని అనుకోవడానికి ప్రయత్నించాను.

పరీక్ష రాసింది. తాళంచెవి మాట నిలబెట్టుకుని పంతొమ్మిదో పద్యమే ఇచ్చాడు. ఆ పత్రాలు దిద్దిన స్నేహితుడొకడు చెప్పాడు, రెండు వందల మంది వరసగా చలి తల్లి జాలి ఖాళీ అని రాశారట. ఒకడు తొందరలో 'చలి, పిల్లి, జాలి, ఖాళీ' అని రాస్తే దానికీ పన్నెండు వేశారట. వదినకు పదహారుకు పదహారు. ఆమె రాసింది మొదటి జవాబే, అక్షరం మార్చకుండా, వార్డులో ఆవిడతో సహా. దిద్దినవాడు నాలుగు మాటలూ ఎక్కడున్నాయో వెతికి, వాటి కింద గీతలు గీసి, మిగతాది చూడలేదు. చదివి సున్నా వేసిన పేజీకే ఈసారి చదవకుండా నిండు మార్కులు వేశారు.

డిగ్రీ కాగితం గడువుకు ఆరు రోజుల ముందు వచ్చింది. వదిన ఇన్‌ఛార్జి అయింది. ఇంట్లో ఎవరూ గట్టిగా సంతోషపడలేదు. అన్నయ్య ఒక్కడే టీవీ శబ్దం తగ్గించి, "బాగుంది" అన్నాడు.

తాళంచెవి నుంచి నాకు ఉత్తరం వచ్చింది. వచ్చే ఏడాది నుంచి కీ తయారీ సంఘంలో నన్ను సభ్యుణ్ణి చేశాడట. చదివి, చేయి కడుక్కున్నాను.

ఆ వారమే వదిన వార్డుకు రమ్మంది. కాచిన పాలసీసాల ఆవిరి వాసన, మందు వాసన. బల్ల మీద ఒక తెల్లకాగితం, స్కేలు, పెన్ను పెట్టుకుని కూర్చుంది.

"వార్డు ఫారం మారుస్తున్నా. నీకు డబ్బాలు గీయడం బాగా వచ్చుగా. రా, గీయి."

గీశాను. బిడ్డ పేరు, తల్లి పేరు, బరువు, వచ్చిన తేదీ. నా చేయి అలవాటుగా పోతోంది. అట్టడుగున ఇంకో డబ్బా గీయమంది. పాతఫారంలో 'వస్తువులు: లేవు' అని ఉండే చోటు.

"ఇందులో ఏం రాయను? 'బట్టలు తల్లికి అప్పగించడమైనది' అనా? సంఖ్య, రంగు, కొలత? నాలుగు ముక్కల్లో కుదించి..."

"ఏమీ రాయకు."

"శీర్షికైనా?"

"వద్దు. పెద్దగా గీయి. ఆవిడ ఏం రాయాలనుకుంటే అది రాస్తుంది. రాయకపోతే అలాగే ఉంటుంది. నేను చదువుతాను."

స్కేలు పెట్టి గీశాను. ఇరవై రెండేళ్లలో నేను గీసి నింపకుండా వదిలిన మొదటి డబ్బా అదే. లోపల ఏదో ఒకటి రాయాలని వేళ్లు లాగుతున్నాయి, పాత రోగం. వదిన నా చేతిలోంచి పెన్ను లాక్కుని మూత పెట్టింది.

"వచ్చినప్పట్నుంచి నిలబడే ఉన్నావు పాపం" అంది. "కూర్చో."

ఆ పాపం ఏ పాపమో నేను అడగలేదు. కూర్చున్నాను.